అచ్చుపడని మీటలు

నెల్లూరు తంతి ఆఫీసుకు టెలిప్రింటర్ వచ్చిన నాటికి, దాన్ని నడపడం తెలిసిన మనిషిని మా ఆఫీసు మొత్తానికీ నేనొక్కదాన్నే. గొప్పకు చెప్పడం లేదు. గొప్పకు చెప్పినా తప్పేమీ లేదని కూడా అనుకుంటాను.

మాది బుచ్చిరెడ్డిపాలెం దగ్గర మొలగొలుకుల వరి పండించే ఇల్లు. నాన్న నన్ను చదివించి, నెల్లూరులో మూలాపేటలో ఉన్న పిన్ని ఇంట్లో పెట్టి టైపు కూడా నేర్పించాడు. యాభైల చివర్లో తంతి ఆఫీసులో ఉద్యోగం వచ్చిందని చెబితే అమ్మ ముఖం వాడిపోయింది. మా ఊళ్లో తంతి వచ్చిందంటే ఎవరో పోయారనే అర్థం. కవరు విప్పకముందే ఏడుపు మొదలయ్యేది. చావుకబుర్లు చేరేసే పని నీకెందుకమ్మా అంది. పెళ్లికబుర్లు కూడా అందులోనే వస్తాయిలే అని నాన్న ఆమెను సముదాయించాడు.

అప్పట్లో పనంతా మోర్సులోనే. టకటకమనే ఆ భాషను నాకు పట్టుబడేట్టు చేసింది మా ఆఫీసులో అందరికంటే పెద్దాయన. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. తెల్ల పంచె, పైన చొక్కా, ఎడమ చెవి కొంచెం ముందుకు వంచి కూర్చునే అలవాటు. నాకు విద్య నేర్పాడు కాబట్టి ఆయన్ని అయ్యోరూ అని పిలిచేదాన్ని. మద్రాసు లైను ఆయనది. మోర్సును టకటకా వినిపించే సౌండర్ చప్పుడు బాగా వినబడాలని దాని వెనక ఖాళీ సిగరెట్ డబ్బా ఒకటి ఇరికించి పెట్టుకునేవాడు. ఆ డబ్బాలో మోగే చప్పుడు వింటూ, ఇటు నాతో మాట్లాడుతూనే అటు టెలిగ్రాం రాసేసేవాడు.

మద్రాసు చివర కూర్చునే ఆయనతో మా అయ్యోరికి ఏళ్ల నాటి స్నేహం. ఒకరినొకరు చూసుకున్నది లేదు. ఒకరి చెయ్యి ఒకరికి తెలుసు, అంతే. మోర్సు కొట్టేవాళ్లలో ఎవరి చెయ్యి వాళ్లదే. ఒకరు చివరి అక్షరాన్ని సాగదీస్తారు, ఒకరు తొందరపడతారు. లైను మీద మొదటి మాట మోగగానే అవతల ఉన్నది తన స్నేహితుడా, వేరేవాడా అని అయ్యోరికి తెలిసిపోయేది. ఒకరోజు విని, ఈరోజు ఆయనకు జ్వరంగా ఉన్నట్టుందన్నాడు. అడిగితే నిజమే.

అరవైల నడుమ, టెలిప్రింటర్ వస్తున్నదని కబురు వచ్చింది. ఇక్కడ టైపు కొడితే అవతలి ఊళ్లో కాగితం మీద అచ్చు పడే యంత్రం అది. టైపు వచ్చినదాన్ని గనక నన్ను మద్రాసుకు శిక్షణకు పంపించారు. తిరిగి వచ్చేసరికి యంత్రాన్ని బిగించి ఉంచారు. మిగిలినవాళ్లకు నువ్వే నేర్పాలని మా టెలిగ్రాఫ్ మాస్టర్ గారు చెప్పినప్పుడు నాకు భయం కలగలేదు. ఇంగ్లీషు అక్షరాలు తెలిసినవాళ్లకు మీటలు నొక్కడం నేర్పడం ఎంతసేపు అనుకున్నాను.

అక్షరాల దగ్గర ఏ ఇబ్బందీ రాలేదు. ఇబ్బంది వచ్చిందల్లా అక్షరం లేని మీటల దగ్గర.

టెలిప్రింటర్‌లో ఒకే మీట మీద అక్షరమూ ఉంటుంది, అంకె కూడా ఉంటుంది. అంకె కావాలంటే ముందు అంకెల మీట నొక్కాలి. అది కాగితం మీద ఏమీ కొట్టదు. అక్కడి నుంచి ఏది నొక్కినా అంకెలే పడతాయి. మళ్లీ అక్షరాల మీట నొక్కేదాకా అంతే. వరుస నిండాక, అక్షరం అక్షరానికీ పక్కకు జరిగే క్యారేజిని వెనక్కి తెచ్చే మీట ఒకటి, కాగితాన్ని పైకి జరిపి కింది వరుసకు దించే మీట ఇంకొకటి. అవతలి యంత్రంలో గంట మోగించేది ఒకటి. ఎవరు నువ్వు అని అవతలి యంత్రాన్ని అడిగేది ఒకటి. అడిగితే అది తన ఊరి గుర్తు తానే కొట్టి పంపిస్తుంది. వీటిలో ఏదీ కాగితం మీద కనబడదు. కాని ఒక్కటి తప్పినా కాగితం మీదున్నదంతా పాడవుతుంది. వెనక్కి తెచ్చే మీట మరిచిపోతే అక్షరాలన్నీ కుడి అంచున ఒకేచోట పడి కాగితం నల్లబడి చిల్లు పడేది. కిందికి దించే మీట మరిచిపోతే ఒక వరుస మీదే ఇంకో వరుస పడేది.

నా దగ్గర నేర్చుకోవడానికి మొదట వచ్చినవాడు కొత్తగా చేరిన కుర్రవాడు. మైపాడులో చేపలు పట్టే కుటుంబం. ఆ ఇంట్లో ప్రభుత్వోద్యోగానికి వచ్చిన మొదటివాడు. రోజూ పొద్దున బస్సులో వచ్చేవాడు. మాట నెమ్మది, వేళ్లు మాత్రం చురుకు. నన్ను అక్కా అనేవాడు.

అతనికోసం సాధన పత్రం ఒకటి తయారుచేద్దామని యంత్రం ముందు కూర్చున్నాను. ఒక టెలిగ్రాం కొట్టి, అందులో ఎక్కడెక్కడ ఏ మీట నొక్కాలో చూపించాలి. అంకెల మీట నొక్కాల్సిన చోట చూపిద్దామని నొక్కితే అది అంకెల్లోకి మారిందే తప్ప కాగితం మీద ఏ గుర్తూ పడలేదు. వరుస చివర చూపిద్దామని నొక్కితే క్యారేజి వెనక్కి పోయింది. చూపించమంటే చేసి కూర్చుంటుంది యంత్రం. ఆ మీట గురించి చెప్పడానికి ఆ మీట పనికిరాదని నాకు అప్పుడు అర్థమైంది.

సరే, పేరు రాద్దామని, ఆ చోట్లలో మద్రాసులో నేర్పిన ఇంగ్లీషు పేర్లు అక్షరాలా కొట్టి ఇచ్చాను. కుర్రవాడు శ్రద్ధగా కూర్చుని పత్రంలో ఉన్నదంతా ఉన్నట్టే కొట్టాడు. క్యారేజి రిటర్న్ అని ఉన్నచోట ఆ పొడుగాటి మాటనూ ఒక్కో అక్షరమే కొట్టుకుంటూ పోయాడు. క్యారేజి కుడి అంచుకు వెళ్లి ఆగింది. అక్షరాలన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. తప్పు అతనిది కాదు. కొట్టవలసిన మాటా, చేయవలసిన పనీ రెండూ ఒకే లిపిలో ఉంటే ఏది ఏదో అతనికెలా తెలుస్తుంది?

ఆ సాయంత్రం పిన్ని ఇంటికి వచ్చేసరికి పక్కింటి పిల్ల అరుగు మీద కూర్చుని గుణింతం చదువుతున్నది. కకు తలకట్టిస్తే క, దీర్ఘమిస్తే కా, గుడిస్తే కి. నేను చిన్నప్పుడు వల్లించిందే. గుమ్మంలో నిలబడి కాసేపు విన్నాను. గుడి అనేదాన్ని ఒంటరిగా పలకలేం. ఏదో ఒక అక్షరాన్ని పట్టుకుంటేనే దానికి చప్పుడు. అయినా మనవాళ్లు దానికి ఒక పేరు పెట్టారు, పలక మీద దాన్ని ఒంటరిగా గీసి చూపించారు. పేరు ఉంది కాబట్టి నేర్పగలిగారు. మా యంత్రంలోని మీటలకూ తెలుగులో పేర్లు పెడితే సరిపోతుంది. యంత్రానికి తెలుగు రాదు. కాబట్టి పత్రంలో తెలుగులో ఉన్నదేదీ కొట్టేది కాదు, చేసేది. ఇంగ్లీషులో ఉన్నది కొట్టేది. ఇక గందరగోళం ఎక్కడిది?

మరునాడు పొద్దున్నే పత్రాన్ని కొత్తగా తయారుచేశాను. ఇంగ్లీషు టెలిగ్రాం యంత్రం మీద కొట్టి, మధ్యలో వదిలిన ఖాళీల్లో చేత్తో తెలుగు మాటలు రాశాను. అంకెలు. అక్షరాలు. వెనక్కి. కిందికి. గంట. ఎవరు. ప్రతి మాట చుట్టూ స్పష్టంగా ఉండాలని సున్నా చుట్టాను. గుణింతం కూడా కట్టాను. డబ్ల్యూకు అంకెలిస్తే రెండు. ఈకి అంకెలిస్తే మూడు. ఆర్‌కు అంకెలిస్తే నాలుగు. మైపాడు కుర్రవాడు బస్సులో వల్లించుకుంటూ వస్తుంటే, పక్కన కూర్చున్న వాళ్లు ఏం మంత్రమది అని అడిగారట. వారం తిరిగేసరికి అతను పత్రం చూడకుండానే కొట్టసాగాడు. ఒక్క వరుసా తప్పలేదు.

వానలు పట్టాక ఆ గుణింతం విలువ ఆఫీసంతటికీ తెలిసింది. ఈశాన్యపు గాలికి మద్రాసు లైను అదిరిపోతున్న రోజులవి. మధ్యాహ్నం బుచ్చిరెడ్డిపాలెం ధాన్యం వ్యాపారి ఒకాయనకు టెలిగ్రాం వచ్చింది. శాంపిల్ బస్తాలు 25 పంపాం అని మొదలై, ఆ వెంటనే 2843, తర్వాత 430945 అని ఉంది. మా టెలిగ్రాఫ్ మాస్టర్ గారు దాన్ని చూసి, వ్యాపారస్తుల లెక్కలు వాళ్లకే తెలుస్తాయి, పంపించేయమన్నారు. కుర్రవాడు మాత్రం కాగితం చేతిలో పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

“అక్కా, ఇవి అంకెలు కావు. ఇరవై అయిదు కొట్టినాక అక్షరాలు ఇచ్చుంటాడు వాడు. అది మనదాకా రాలా. తిరగేసి చదివినా. వైర్ రిపోర్ట్ అని వొస్తాంది.”

చూస్తే అంతే. అక్షరాలకు మారమన్న సంకేతం వానలో ఎక్కడో చెడిపోయింది. మా యంత్రం అంకెల్లోనే ఉండిపోయి, మాటలను అంకెలుగా కొట్టింది. శాంపిల్ ఎలా ఉందో తంతి ఇవ్వమని అవతలివాళ్లు అడుగుతున్నారు, అంతే సంగతి. ఆ అంకెలు అట్లాగే వెళ్లి ఉంటే ఆ వ్యాపారి వాటిని బస్తాలనుకునేవాడో, ధర అనుకునేవాడో. మద్రాసును మళ్లీ అడిగి సరిచూసుకున్నాకే టెలిగ్రాం పంపించాం. కుర్రవాడి చెవులు ఎర్రబడ్డాయి. అందరూ తననే చూస్తున్నారని సిగ్గు.

అది చూశాక మాస్టర్ గారికి ఒక ఆలోచన వచ్చింది. కావలికి, గూడూరుకు కూడా యంత్రాలు వస్తాయంటున్నారు, ఈ పత్రాలను అచ్చు వేయిద్దామన్నారు. నేను శుభ్రంగా తిరగరాసి, ట్రంకు రోడ్డు పక్క సందులో ఉన్న ఒక చిన్న ప్రెస్సుకు తీసుకెళ్లి ఇచ్చాను. అక్కడి కంపోజిటరు నడివయసు మనిషి. కళ్లద్దాల కాలుకు దారం కట్టుకుని ఉన్నాడు. రెండు భాషల్లోనూ టైపు పేరుస్తానని హుషారుగా తీసుకున్నాడు.

ప్రూఫు వచ్చింది. నేను రాసిన తెలుగు మాటల్లో ఒక్కటీ లేదు. కిందికి అని రాసిన ప్రతిచోటా అతను కొత్త వరుస మొదలుపెట్టాడు. వెనక్కి అని ఉన్నచోట వరుసను ఎడమ అంచుకు జరిపాడు. అక్షరాలు అని ఉన్నచోట, అంతకుముందు అంకెలు ఉన్నా సరే, వాటిని తీసి మాటల్లో పేర్చాడు. గంట అని ఉన్నచోట ఏం చేయాలో తోచక ఖాళీ వదిలాడు.

అడిగితే ఏమాత్రం తడుముకోలేదు. “సున్నా చుట్టి రాసింది మాకు చెప్పేది గదమ్మా. అచ్చులోకి పోయేది కాదు. ప్రూఫులో అంతే గదా రివాజు. మీరు చెప్పినట్టే చేసినా.”

ప్రెస్సు రివాజు నాకు తెలియదు. అక్కడ సున్నా చుట్టిన మాట పనిచేసేవాడికి ఇచ్చే ఆజ్ఞ. నేనూ ఆజ్ఞలే రాశాను, కాని అతనికి కాదు. నా కుర్రవాడేమో చేయవలసినదాన్ని కొట్టాడు, ఇతనేమో కొట్టవలసినదాన్ని చేశాడు. ప్రెస్సులో నిలబడే నవ్వొచ్చింది. అతనికీ విషయం వివరించాక నవ్వొచ్చింది. తర్వాత ఇద్దరం కూర్చుని ఒప్పందానికి వచ్చాం. చదివేవాళ్లకు చెప్పే మాట చుట్టూ చతురస్రం. దాన్ని గీతలతో సహా అచ్చులో పేర్చాలి. అతనికి నేను చెప్పుకునే మాట ఎర్ర సిరాలో. దాన్ని చదివి చేయాలి, పేర్చకూడదు. పత్రం పైన మొదటి వాక్యంగా, చతురస్రంలో ఉన్నది చేయాలి, బయట ఉన్నది కొట్టాలి అని వేయించాను. ఈసారి ఒక్క తప్పు లేకుండా వచ్చింది. సన్న ఇత్తడి గీతలు కోసి ప్రతి మాట చుట్టూ అతను పెట్టెలు కట్టిన తీరు చూస్తే ముచ్చటేసింది. అంత అందంగా నా చేతి రాత ఎన్నడూ లేదు.

అచ్చయిన పత్రాలు అందరికీ పంచాను. అయ్యోరికి కూడా ఒకటి ఇచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, బాగుందమ్మా అని టేబులు మీద పెట్టి, పేపర్‌వెయిట్ ఉంచాడు. అప్పటికే మద్రాసు లైను టెలిప్రింటర్‌కు మారిపోయింది. ఆయన సౌండర్ మీద చిన్న ఊళ్ల లైన్లు మాత్రమే మిగిలాయి. యంత్రం దగ్గరికి రమ్మని మాస్టర్ గారు చెప్పినా, నేను చెప్పినా వచ్చేవాడు కాదు. అది టైపు కొట్టేవాళ్ల పని, తంతి పని కాదనేవాడు. గట్టిగా అడిగితే ఒకరోజు అసలు మాట చెప్పాడు.

“దాంట్లో ఎవుడు కొట్టినా ఒకటే మాదిరి పడతాది. అవతల ఎవురుండారో నాకెట్ట తెలిసేది? చెయ్యి లేకుండా పోయింది గదమ్మా.”

ఆయన అన్నది నిజమే. అయినా వదిలిపెట్టే స్వభావం కాదు నాది. ఒక మధ్యాహ్నం పని పలచగా ఉన్నప్పుడు, ఒక్క నిమిషం వచ్చి చూసి పొమ్మని బతిమాలి ఆయన్ని యంత్రం ముందు కూర్చోబెట్టాను. ఎవరు అనే మీట చూపించాను. నొక్కాడు. మద్రాసు యంత్రం గడగడమంటూ తన ఊరి గుర్తు కొట్టి పంపింది.

ఆయన కాగితం వైపు చూసి, “నేనడిగింది మిషన్ను కాదు, మనిషిని,” అన్నాడు.

లేవబోతుంటే ఆపి గంట మీట చూపించాను. అంకెల్లో పెట్టి ఇది నొక్కితే అవతల గంట మోగుతుందని చెప్పాను. కాగితం మీద ఏం పడుతుందని అడిగాడు. ఏమీ పడదన్నాను. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, చూపుడు వేలు దాని మీద పెట్టాడు.

సౌండర్ మోర్సులో వినబడేది టక్కుమనే చప్పుళ్లే. పొట్టి గుర్తా, పొడుగుదా అనేది చప్పుడుకూ చప్పుడుకూ మధ్య ఎడాన్ని బట్టి తెలుస్తుంది. ఆయన గంటను అట్లాగే కొట్టాడు. ఒకటి, వెంటనే ఇంకొకటి, కొంచెం ఆగి మరొకటి. చివర్న తన పద్ధతిలో సాగదీశాడు. లైను మీద తన పేరుకు బదులు వాడే గుర్తు కొట్టి ఊరుకున్నాడు. కుర్రవాడు కూడా పని ఆపి వచ్చి వెనక నిలబడ్డాడు.

మా గంట మోగింది. ఒక్కసారి కాదు, ఎడాలతో, గబగబా. అయ్యోరి ఎడమ చెవి ముందుకు వంగింది.

“వాడే,” అన్నాడు.

ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఇటు వేలు, అటు గంట. నాకు సగమే అర్థమయింది, అంత గబగబా సాగింది. ఆ గంట అత్యవసరానికి మాత్రమే మోగేది కాబట్టి, మాస్టర్ గారు ఏదో ప్రమాదమని తన గదిలోంచి లేచి వచ్చారు. యంత్రంలో కాగితం చూశారు. ఊరి గుర్తు తప్ప ఒక్క అక్షరం లేదు. ఏమైందని అడిగితే ఏమీ లేదు సార్, గంట పనిచేస్తాందా లేదా అని చూస్తుండాను అన్నాడు అయ్యోరు. మాస్టర్ గారు కాగితాన్ని మరోసారి చూసి, పనిచేస్తున్నట్టే ఉందిలెండి అని వెళ్లిపోయారు.

అవతలి ఆయన ఏమన్నాడని అడిగాను.

“పంటి నొప్పి తగ్గిందా అంటుండాడు. లైను మారకముందు నాకు పన్ను పీకినారు గదా. ఆ మాట అడుగుదామని అప్పటినుంచి చూస్తుండాడంట. దారి దొరకలా.”

ఆయన గొంతు మామూలుగానే ఉంది. కాని లేచి వెళ్లకుండా అక్కడే కూర్చుని, ఆ పత్రం ఏదీ, తెచ్చియ్యి అన్నాడు. కుర్రవాడు వెళ్లి పేపర్‌వెయిట్ తీసి తెచ్చి ఇచ్చాడు. ఆ రోజే మొదటి వరుస కొట్టాడు. వెనక్కి, కిందికి ఆయనకు ఎన్నడూ చెప్పవలసిన పని పడలేదు. మోర్సులోనూ రాసేందుకు కాక చేసేందుకు ఉన్న సంకేతాలు ఉంటాయి, ఆగు, అయిపోయింది, తప్పు కొట్టాను వంటివి. వాటితో నలభై ఏళ్లు గడిపిన చెయ్యి అది. అంకెల గుణింతం మాత్రం కుర్రవాడి దగ్గర వల్లించాడు. కుర్రవాడు మొహమాటపడుతూనే తప్పులు సరిదిద్దేవాడు.

రిటైరయ్యేదాకా మద్రాసు లైను మళ్లీ ఆయనదే అయింది. మధ్యాహ్నం పని పలచబడ్డప్పుడు గంట ఒకసారి ఇక్కడ మోగేది, ఒకసారి అక్కడ. మాస్టర్ గారు గదిలోంచి రావడం మానేశారు. రిటైరయిన నెలలోనే ఆయన రైలెక్కి మద్రాసు పోయి స్నేహితుణ్ణి చూసి వచ్చాడు. ఎట్లా ఉన్నారని అడిగితే, తాను అనుకున్నదానికంటే చాలా పొట్టిగా ఉన్నాడనీ, మాట కూడా నత్తిగా ఉందనీ, కొట్టేటప్పుడు ఒక్కసారైనా నత్తి తెలియలేదనీ చెప్పాడు. ఇద్దరూ వరండాలో కూర్చుని, మాట్లాడుకోవడం కష్టమై, చివరకు చెంబు మీద చెంచాతో కొట్టుకున్నారట.

మైపాడు కుర్రవాడిని గూడూరు ఆఫీసులో యంత్రం పెట్టినప్పుడు నేర్పడానికి పంపించారు. పెట్టెలు కట్టిన పత్రాల కట్ట చంకలో పెట్టుకుని పోయాడు. అక్కడ ఒకాయన, తెలుగు మాటలెందుకు, ఇంగ్లీషువి ఉన్నాయి గదా అన్నాడట. ఇతను వాదించకుండా, ఇంగ్లీషు పేర్లున్న పత్రం ఇచ్చి కొట్టమన్నాడట. ఆయన క్యారేజి రిటర్న్ అని అక్షరాలా కొట్టి, కుడి అంచున చిల్లు పడ్డాక, తెలుగు పత్రం అందుకున్నాడని వచ్చి నాకు చెప్పి నవ్వాడు.

నన్ను ఆ మరుసటి ఏడు మద్రాసు శిక్షణ కేంద్రానికి నేర్పేదానిగా వేశారు. అమ్మ ఈసారి తానే నా పెట్టె సర్దిచ్చింది. నాన్న స్టేషనుకు వచ్చి, నీ తరగతిలో అరవం వాళ్లూ కన్నడం వాళ్లూ ఉంటారు గదా, వాళ్లకెట్ట చెబుతావని అడిగాడు. వాళ్ల గుణింతం వాళ్లకుంటుంది నాన్నా, వాళ్లనే కట్టమంటాను అని చెప్పి రైలెక్కాను.